పెడల్ మీద కాలు

బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి కూర్చోవడం ఉదయశ్రీకి కొత్తేమీ కాదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె కారు నడిపింది ఒక్కనాడు లేదు గానీ, డ్రైవరు సీట్లో కూర్చున్న ఆదివారాలు బోలెడు. మొగుడు ఆదర్శ్ చక్రం విప్పి, ఆ పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని "తొక్కు" అంటే తొక్కేది. "పట్టు" అంటే పట్టి ఉంచేది. "వదులు" అన్నాకే వదిలేది. బ్రేకు గొట్టాల్లోని పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తోలడానికి వాళ్ళింట్లో ఉన్న పద్ధతి అదే. కింద ఒకరు మర విప్పాలి, పైన ఒకరు తొక్కాలి. మర తెరిచి ఉండగా పైన కాలు లేచిందంటే బయటి గాలిని లోపలికి పీల్చేసుకుంటుంది. గాలి చేరిన బ్రేకు తొక్కితే దూదిమూటను తొక్కినట్టు ఉంటుంది. ఇవన్నీ ఆమె పుస్తకాల్లో చదవలేదు. పదో తరగతి తప్పిన మనిషి. మూసాపేటలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, ఆ సీట్లో కూర్చునే నేర్చుకుంది.

ఇప్పుడు చుట్టాలూ పక్కాలూ అందరూ ఆ కాలు గురించే మాట్లాడుకుంటున్నారు.

"మా ఆవిడ కాలు వదిలేసింది. లోపలికి గాలి పోయింది. మలుపులో తొక్కితే బ్రేకు లేదు, అంతే." ఇనుప కడ్డీలు బిగించిన ఎడమకాలు దిండు మీద పెట్టుకుని, ఆదర్శ్ వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పేవాడు. గొంతులో కోపం కూడా ఉండేది కాదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆమె అక్కడే ఉండేది, మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని.

మాదాపూర్ ఆఫీసు నుంచి వచ్చిన స్నేహితుల్లో ఒకడు ఒకరోజు అన్నాడు, "ఇకనుంచి పెడల్ మీద ఇటుక పెట్టుకో బ్రో. ఇటుకైతే చెప్పిన మాట వింటుంది."

నలుగురూ నవ్వారు. నవ్వాక, చనిపోయినవాడి ఫోటో పక్క గదిలో ఉన్న సంగతి గుర్తొచ్చి సర్దుకున్నారు. ఆ మాట అన్నవాడు ఉదయశ్రీ వైపు చూసి, "ఊరికే అన్నాను సిస్టర్, ఏమనుకోకండి. కాఫీ బాగుంది" అన్నాడు.

చనిపోయింది లోహిత్. ఆదర్శ్ తమ్ముడు, ఇరవై నాలుగేళ్ళవాడు. అన్నదమ్ములిద్దరూ ఆదివారం తెల్లవారగానే కారేసుకుని వెళ్ళారు. గచ్చిబౌలిలో స్నేహితుల కార్లన్నీ కలుసుకుని, వరసగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఊరి బయట ఎక్కడో టిఫిన్ తిని రావడం వాళ్ళకి నెలకోసారి అలవాటు. ఆ రోజు ఔటర్ దిగే మలుపులో కారు ఆగలేదు. సిమెంటు గోడకి ఎడమవైపు తగిలింది. ఎడమవైపు సీట్లో లోహిత్ ఉన్నాడు.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. చూడ్డానికి రైతుబజారుకి వెళ్ళే చిన్న బండిలా ఉండేది. లోపల మాత్రం టర్బో ఇంజను. ఆదర్శ్ దాన్ని పాతదిగా కొని, ఏ షెడ్డుకీ ఇవ్వకుండా ఆరేళ్ళపాటు అన్నీ సొంత చేతులతోనే మార్చాడు. స్ప్రింగులు మార్చి కిందికి దించాడు. పొగగొట్టం మార్చాడు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను బలం పెంచాడు. ఎండకి పెయింటు పోతుందని ఆఫీసుకి మెట్రోలో వెళ్ళేవాడు. అసోసియేషన్ వాళ్ళు సెల్లార్‌లో ఆయిల్ మరకలని గొడవ చేస్తే, ఉదయశ్రీ సర్ఫు, కొబ్బరి పీచు పట్టుకుని వెళ్ళి కడిగి వచ్చేది. ఇంట్లో పిల్లలు లేరు. అత్తగారు అమ్మణ్ణి అనేది, "వాడు దాన్ని సాకుతున్నాడు. సాకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మగాడికి."

నిజానికి ఆ ఇంట్లో ఉదయశ్రీ సాకిన బిడ్డ ఒకడున్నాడు. మావగారు రామబ్రహ్మం కాకినాడలో సర్కారు ఉద్యోగం చేస్తూ హఠాత్తుగా పోతే, అమ్మణ్ణి చిన్నకొడుకుని తీసుకుని హైదరాబాదు వచ్చేసింది. అప్పటికి లోహిత్‌కి పన్నెండేళ్ళు. స్కూలు డైరీలో సంతకం పెట్టడానికి ఉదయశ్రీ పాత నోటుబుక్కులో పేజీలకు పేజీలు ఇంగ్లీషులో సంతకం నేర్చుకుంది. వాడికి నెక్‌టై కట్టడం, వాడి పరీక్షలకి తెల్లవారుజామున లేపడం, జ్వరమొస్తే ఆవిరి పట్టడం అన్నీ ఆమే. వాడు ఇంజనీరింగు చదివి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయింది. మొదటి జీతంతో తల్లికి చీర కొన్నాడు, వదినకి పాదాలు నొప్పులంటుందని మెత్తటి చెప్పులు కొన్నాడు.

సెల్లార్‌లో ఆమెకి తోడు కూడా వాడే. పదో నంబరు స్పానరేదో, పన్నెండేదో చూపించింది వాడే. గోళ్ళ రంగు పద్ధతి కూడా వాడిదే. పందేల కార్లలో బోల్టు బిగించాక దాని మీదుగా ఒక రంగు గీత గీస్తారట. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే ఎవరూ చూడనట్టు. పద్దెనిమిదేళ్ళ వయసులో వాడెక్కడో చూసి వచ్చి, వదిన బీరువాలో పెళ్ళిలో ఎవరో ఇచ్చిన గులాబీరంగు గోళ్ళ రంగు సీసా పట్టుకెళ్ళాడు. అప్పటినుంచి ఆదర్శ్ బిగించడం, సరిపడా బిగిసిందని స్పానరు టక్కుమన్నాక ఉదయశ్రీ వంగి చిన్న గీత గీయడం. సీసాలు మారాయి గానీ రంగు మారలేదు. "వదిన గుర్తు పెట్టందే బిగించినట్టు కాదు" అనేవాడు లోహిత్.

ప్రమాదానికి మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం, ముందు చక్రాలకి రబ్బరు గొట్టాలు తీసేసి స్టీలు అల్లికవి వేశారు. నల్లటివి. ఆయిల్ తోలేటప్పుడు, ఎడమవైపు చక్రం దగ్గరికి వచ్చేసరికి పైనుంచి అత్తగారు ఫోను చేసింది. ఫోను ఒడిలో ఉలిక్కిపడేలా మోగింది. ఉదయశ్రీ కాలు జారింది. జారిన మాట నిజం.

"జారిందండీ" అని ఆమే చెప్పింది.

"ఛీ. బుర్ర ఎక్కడ పెట్టుకుని కూర్చుంటావ్?" అని ఆదర్శ్ విసుక్కుని, మళ్ళీ మొదటినుంచి నాలుగుసార్లు తొక్కించాడు. బుడగలు లేవన్నాడు. టక్కుమనిపించాడు. ఆమె గీత గీసింది. మర్నాడు కొత్త బ్రేకులు కుదురుకోవాలని మెట్రో మానేసి కారులోనే ఆఫీసుకి వెళ్ళి వచ్చాడు.

వచ్చినవాళ్ళకి చెప్పేటప్పుడు జారడం దాకానే చెప్పేవాడు. ఆ తర్వాతది చెప్పేవాడు కాదు.

ఉదయశ్రీ ఒక్కసారే అడిగింది, "శుక్రవారం ఆఫీసుకి వెళ్ళొచ్చారు కదండీ, బాగానే ఉందన్నారు కదా?"

"గాలి మెల్లగా పైకి చేరుతుంది. నీకు తెలీదులే" అన్నాడు.

తనకి తెలీదనే మాట ఆమె చిన్నప్పటినుంచి వింటూనే ఉంది, అందుకని దాన్ని నమ్మడం తేలిక. నిజమే కాబోలు అనుకుంది. అన్నం కలుపుతుంటే కాలు గుర్తొచ్చేది. స్నానం చేస్తుంటే ఆ కాలి మీద నీళ్ళు పోసుకోబుద్ధయ్యేది కాదు. నేను సాకినవాణ్ణి నేనే చంపానా, అన్న ఒక్క ప్రశ్న పొద్దున కళ్ళు తెరవగానే మంచం పక్కన కూర్చుని ఉండేది.

అమ్మణ్ణి ఆ ప్రశ్నకి తన జవాబు తాను చెప్పేసుకుంది. లోహిత్ గదిలో ఫోటో పెట్టి దీపం వెలిగించిన రోజునే కోడలికి గుమ్మం చూపించింది. "ఆ కాలు ఈ గదిలో పెట్టకు. నా బిడ్డని తొక్కింది చాలు." ఆ రోజునుంచి గదిలో దీపానికి నూనె కావాలంటే ఉదయశ్రీ గుమ్మం బయట గిన్నె పెట్టి వచ్చేది. లోహిత్ కొనిచ్చిన చెప్పులు ఆమె వేసుకోవడం చూసి ఒకరోజు అమ్మణ్ణి వాటిని చెత్తబండికి వేసేసింది. "ఇంకా సుఖపెట్టాలా ఆ కాలిని" అంది.

ఎదురు చెప్పలేదు ఉదయశ్రీ. చెప్పడానికి ఆమెకి హక్కుందో లేదో ఆమెకే తెలియదు.

పోలీసులు నెలా పదిహేను రోజులు ఉంచుకుని కారు వదిలేస్తే, లారీ మీద తెచ్చి సెల్లార్‌లో వాళ్ళ చోట్లోనే దించారు. దాని మీద నీలం పట్టా కప్పారు. ఇంకో నెల గడిచింది. అసోసియేషన్‌లో మళ్ళీ గొడవ మొదలయ్యాక, మూసాపేటలోనే షెడ్డు ఉన్న జాషువా అనే మెకానిక్‌కి ఆదర్శ్ ఫోను చేసి, తుక్కు కింద తీసుకుపొమ్మన్నాడు. ఉదయశ్రీకి కాగితాలు ఇస్తూ గట్టిగా చెప్పాడు, "పట్టా విప్పొద్దు. అలాగే ఎక్కించుకుపోతాడు. నువ్వు కాగితాలిచ్చి వచ్చెయ్."

పదకొండింటికి ఆమె కిందికి దిగేసరికి పట్టా విప్పేసి ఉంది. వాచ్‌మన్ కిష్టయ్య దాన్ని మడతపెడుతున్నాడు.

"సారు విప్పొద్దన్నారు కదా కిష్టయ్యా?"

"విప్పకుంటే తాడు ఏడ కట్టాలమ్మా? గాలికి కట్టాల్నా?" అన్నాడు కిష్టయ్య.

జాషువా నలభై ఏళ్ళ మనిషి. ఖమ్మం వైపు నుంచి వచ్చినవాడట. మెడలో చిన్న సిలువ, చేతులు మోచేతుల దాకా నలుపు. కారు ముందు చక్రాల మధ్య వంగి గొలుసు ఎక్కడ తగిలించాలా అని చూస్తున్నాడు. ఉదయశ్రీ ఎడమవైపు చూడకూడదని కుడివైపుకి వెళ్ళి నిలబడింది. కుడి చక్రం బయటికి తిరిగి ఉంది. లోపల నల్ల గొట్టం, దాని బోల్టు మీద ఆమె గీసిన గులాబీరంగు గీత. చూడగానే కళ్ళని నీళ్ళు కమ్మాయి. ఎంత శ్రద్ధగా గీసింది. అంత శ్రద్ధగా గీసి ఏం లాభం అనుకుంది.

"అక్కా, ఈ మార్కు ఎవరు పెట్టిన్రు?" అడిగాడు జాషువా.

"నేనే."

"మంచిగ పెట్టినవ్. మా దగ్గర పోరగాళ్ళకు వందసార్లు చెప్పిన గిట్ల పెట్టుమని, ఒక్కడు పెట్టడు." చేతులు తుడుచుకుంటూ ఎడమవైపుకి వెళ్ళి అన్నాడు, "మరి దీనికెందుకు పెట్టలే?"

"దానికీ పెట్టాను."

"లేదక్కా. చూడు రా."

వెళ్ళింది. నుజ్జయిన రేకుని జాషువా కాలితో పక్కకి నెట్టి పట్టుకున్నాడు. ఉదయశ్రీ వంగి చూసింది.

ఆ గొట్టం నల్లగా లేదు. ఎర్రగా ఉంది. పోలీసుస్టేషను దుమ్ము కింద కూడా ఎరుపు తెలుస్తోంది. దాన్ని బిగించిన బోల్టు మీద గీత లేదు. చెరిగిపోయిన ఆనవాలు కూడా లేదు. ఆ గొట్టాన్ని ఆమె జన్మలో చూడలేదు.

"ఇది నేను ఉన్నప్పుడు వేసింది కాదు" అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు ఆమెకి అనిపించలేదు.

జాషువా వేలు పెట్టి తడిమాడు. బోల్టు వేలికే కొంచెం కదిలింది. "ఎవడు చేసిండో గాని కొత్తోడక్కా. దీనికి అటో రాగి వాషరు, ఇటో రాగి వాషరు ఉండాలె. రెండు. ఇగో చూడు, ఒక్కటే ఉన్నది. మెల్లగ తొక్కితే ఉంటది. గట్టిగ తొక్కిననాడు ఆయిలంతా ఈడికెళ్ళి చిమ్మి పోతది. సగం బ్రేకు మిగుల్తది గని, గా స్పీడ్ల సగం బ్రేకు ఏం ఆపుతది."

"పైన తొక్కేవాళ్ళ కాలు జారితే ఇలా అవుతుందా?"

"కాలు జారితే వాషరు మాయమైతదా అక్కా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి గొలుసు అందుకున్నాడు.

ఉదయశ్రీ లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులు మెట్లెక్కి వెళ్ళింది. ఆదర్శ్ మంచం మీద ఫోను చూసుకుంటున్నాడు.

"ఎర్ర పైపు ఎవరు వేశారండీ?"

"ఏ పైపు?"

"ఎడమవైపు ముందు చక్రానిది. మనం వేసింది నల్లది. నేను గుర్తు కూడా పెట్టాను. ఇప్పుడు ఎర్రది ఉంది. వాషరు ఒకటే ఉంది."

ఆయన తల ఎత్తాడు. ఆమె ఎదురుచూసినట్టు ఆశ్చర్యపోలేదు. "పట్టా ఎవడు విప్పమన్నాడు?" అన్నాడు. వెంటనే జాషువాకి ఫోను కలిపాడు. "గొలుసు తగిలించావా? వెంటనే లారీ ఎక్కించుకుని వెళ్ళిపో. కాగితాలు వాచ్‌మన్‌తో తర్వాత పంపిస్తాను. మా ఆవిడ ఏమైనా చెబితే పట్టించుకోకు, తను మామూలుగా లేదు ఈమధ్య."

ఆమె అలా నిలబడే ఉంది. కాసేపటికి కిటికీలోంచి లారీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు మలుపు తిరిగి మెట్రో స్తంభాల వైపు పోయి రోడ్డు రొదలో కలిసిపోయింది.

"వాడే వేశాడు" అన్నాడు చివరికి ఆదర్శ్. "శనివారం నేను ఆఫీసులో ఉన్నాను, నువ్వూ అమ్మా కూకట్‌పల్లిలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళారు. నన్ను ఆశ్చర్యపరుద్దామని ఎర్రవి తెప్పించాడట. ఒకవైపు వేసేసరికి చీకటి పడింది. ఆదివారం పొద్దున్న కారు తీస్తుంటే చెప్పాడు. ఎలా ఉంది అన్నయ్యా అన్నాడు."

"తనొక్కడే ఆయిల్ ఎలా తోలాడు?"

"కర్ర ఏదో ఆనించాడట పెడల్‌కి."

ఉదయశ్రీకి మరిది ఆ చీకట్లో ఒక్కడూ అటు సీటు దగ్గరికి, ఇటు చక్రం దగ్గరికి పరుగులు తీయడం కళ్ళకి కట్టింది. వదినా జర రా, అని ఒక్క ఫోను చేసి ఉంటే ఆటోలో వచ్చేసేది.

"పెడల్ ఎలా ఉంది మీకు? పొద్దున్న?"

ఆయన కాలి కింద దిండు సర్దుకున్నాడు.

"చెప్పండి."

"మెత్తగానే ఉంది."

"మెత్తగా ఉంటే గేటు దాటకూడదని మీరే కదండీ అనేవారు?"

"గచ్చిబౌలిలో పదకొండు కార్లు నా కోసం నిలబడి ఉన్నాయి ఉదయా. వాళ్ళంతా లక్షలు పోసి షెడ్డుల్లో చేయించుకున్నవాళ్ళు. సెల్లార్ మెకానిక్ అని నాకు పేరు పెట్టారు. ఇవాళ బ్రేకు బాలేదు, నేను రాను అని చెప్పమంటావా వాళ్ళకి?"

"వాణ్ణి దింపేసి వెళ్ళాల్సింది మీరు."

ఆ మాటకి ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఆసుపత్రిలో అమ్మ ఎలా జరిగిందిరా అని మీద పడి అడిగింది. నీ కాలు జారింది గుర్తొచ్చింది. అదే చెప్పాను. ఒకసారి చెప్పాక ఇంక మార్చడానికి లేదు" అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగి, "అయినా నీ కాలు జారలేదా? అబద్ధం చెప్పానా?" అన్నాడు.

అప్పటికే అమ్మణ్ణి గుమ్మంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఉదయశ్రీ ఆమె వైపు తిరిగి, "విన్నారా అత్తయ్యా" అంది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆమె గొంతు పూర్తిగా బయటికి వచ్చింది.

"వినడానికేముంది? పదో రోజునే చెప్పాడు నాకు" అంది అమ్మణ్ణి.

ఉదయశ్రీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పదో రోజు. పట్టా కప్పకముందు. చెప్పులు చెత్తబండిలో వేయకముందు.

"తెలిసే నన్ను..."

"ఎవణ్ణి అనమంటావే?" అమ్మణ్ణి గొంతు పెంచలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడినట్టు మాట్లాడింది. "పోయినవాడు నా కడుపున పుట్టాడు. మంచం మీద ఉన్నవాడూ నా కడుపునే పుట్టాడు. ఒకణ్ణి తిడితే రెండోవాణ్ణి తిట్టినట్టే. పొద్దున లేస్తే నాకు ఎవరో ఒకరి మీద పడి ఏడవాలి. లేకపోతే నా గుండె ఆగిపోతుంది. నువ్వు బయటినుంచి వచ్చినదానివి. నీకు పోయేదేముంది?"

"నేను వాణ్ణి పెంచాను అత్తయ్యా."

"పెంచితే కన్నట్టా? కన్నదానివైతే తెలిసేది." ఆమె వెనక్కి తిరిగి, "పప్పు అడుగంటుతోంది. వాసన రావట్లేదా, వెళ్ళి చూడు" అంది.

ఉదయశ్రీ వెళ్ళి చూసింది. నిజంగానే అడుగంటింది. దించి, వేరే గిన్నెలోకి వంచి, మాడిన గిన్నెలో నీళ్ళు పోసింది. చేతులు వాటంతటవే పని చేశాయి.

సాయంత్రం కాగితాలు తీసుకోవడానికి వచ్చిన కిష్టయ్యని మెట్ల దగ్గర ఆపి అడిగింది, "పొద్దున నువ్వు చూశావు కదా, ఎర్ర పైపు? అడిగితే చెబుతావా?"

కిష్టయ్య తల గోక్కున్నాడు. "నాకేం ఎరుక లేదమ్మా. నేను పట్టా మడతపెడుతున్న. సారు అసోసియేషన్ల మాట్లాడితెనే నా పెండ్లాంకు, నాకు గా రూము ఇచ్చిన్రు. నన్ను పరేషాన్ చెయ్యకు." రెండు మెట్లు దిగి, వెనక్కి చూడకుండా అన్నాడు, "మంచి పోరడమ్మా. నా బిడ్డకు లెక్కలు చెప్పేటోడు."

తర్వాతి వారం మూడో మాసికం. పొద్దున్నే శాస్త్రిగారు వచ్చి చేయించాల్సింది ఆదర్శ్‌ని కుర్చీలో కూర్చోబెట్టే చేయించి వెళ్ళిపోయాడు. బంధువులు పదిమంది దాకా మిగిలారు. హాల్లో చాపలు పరిచి అరిటాకులు వేశారు. ఆదర్శ్ నేలమీద కూర్చోలేడు కాబట్టి వరస చివర ప్లాస్టిక్ కుర్చీ, ముందు స్టూలు మీద ఆకు. లోహిత్‌కి ఇష్టమని అల్లం గారెలు, పనసపొట్టు కూర, పులిహోర ఉదయశ్రీయే వండింది. వారం నుంచి ఆమె ఇంట్లో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అత్తగారూ కొడుకూ దాన్ని లొంగుబాటు అనుకున్నారు. ఆమె మాత్రం రోజూ కుదురుగా నిద్రపోయింది. మంచం పక్కన కూర్చునే ప్రశ్న రావడం మానేసింది. దుఃఖం ఉంది, ఇంకా పెరిగింది కూడా, కానీ దాంట్లో తన కాలు లేదు.

గారెలు రెండో విడత వడ్డిస్తుండగా, అమ్మణ్ణి చెల్లెలు, కూకట్‌పల్లి సరోజమ్మ, ఆకు మీదికి వంగి, పక్కనున్నామెతో అందరికీ వినపడేలా అంది, "వంటకేం, అమోఘంగా చేస్తుంది. చేతిలో ఉన్న నేర్పు కాస్త కాలిలో ఉండుంటే పిల్లాడు బతికుండేవాడు."

ఎవరో చిన్నగా "ఊరుకో సరోజా" అన్నారు. అమ్మణ్ణి ఊరుకోమనలేదు. "దాన్ననడం ఎందుకు, నా రాత" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఉదయశ్రీ గారెల పళ్ళెం కింద పెట్టింది. నిలబడే చెప్పింది, వడ్డనలో ఏది ఎవరికి కావాలో అడిగే గొంతుతోనే.

"నా కాలు గురువారం జారింది పిన్నిగారూ. అప్పుడే చెప్పాను. ఈయన మళ్ళీ నాలుగుసార్లు తొక్కించి సరిచేశారు. శనివారం అత్తయ్యా నేనూ మీ ఇంట్లో ఉన్నప్పుడు లోహిత్ ఆ పైపు తీసేసి ఇంకోటి వేశాడు. దాన్లో రెండు వాషర్లకి ఒకటే వేశాడు. తెలియక. పొద్దున్న బ్రేకు మెత్తగా ఉందని ఈయనకి తెలుసు. తెలిసే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళారు. అత్తయ్యకి పదో రోజునే తెలుసు."

ఒక్క క్షణం విస్తళ్ళ మీద చేతులన్నీ ఆగాయి.

అందరూ ఆదర్శ్ వైపు చూశారు. ఆయన పులిహోర కలుపుతూ ఉన్నాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. తల ఎత్తకుండా, "దానికి కొన్నాళ్ళుగా ఆరోగ్యం బాగుండట్లేదు పిన్నీ" అన్నాడు.

అమ్మణ్ణి చేతులు చాచింది. "చూశారా? విన్నారా మీరంతా? వాడు పోయి మూడు నెలలు కాలేదు, వాడి తద్దినపు కూడు వడ్డిస్తూ వాడి మీదే వేసింది. వాడొచ్చి కాదని చెబుతాడా?"

"చచ్చినవాడి మీద చెప్పడం తేలికే. ఎదురు మాట్లాడడు" అన్నాడు పెద్దాయన ఒకాయన, ఆదర్శ్ వాళ్ళ బాబాయి వరస.

"వాడు దీన్ని వదినా వదినా అని కొంగు పట్టుకు తిరిగాడు. ఆ విశ్వాసమన్నా లేకపోయె" అంది సరోజమ్మ. తింటున్న గారె సగం అలాగే వదిలి, ఆకు మడిచి లేచింది. ఆమె లేచాక పక్కనామె లేచింది. ఆ తర్వాత బాబాయి. ఒక్కొక్కరూ ఆకులు మడిచి, చేతులు కడుక్కోవడానికి వరసగా వంటింటి వైపు వెళ్ళారు. కోడలి పక్కనుంచి వెళ్ళేటప్పుడు చీరలు దగ్గరికి లాక్కున్నారు. వండినదాంట్లో సగం పైన గిన్నెల్లోనే ఉండిపోయింది. చెప్పులు తొడుక్కునే చప్పుళ్ళు, అమ్మణ్ణి ఏడుపు, లిఫ్టు తలుపు. అమ్మణ్ణి వాళ్ళని సాగనంపడానికి కిందికి వెళ్ళింది.

తను చెప్పినది ఎవరూ నమ్మలేదని ఉదయశ్రీకి తెలిసింది. నమ్మరని వారం కిందటే తెలుసు. లారీ వెళ్ళిన రోజునే తెలుసు. ఇంతమంది నమ్మకపోయినా, జరిగింది జరిగినట్టే ఉంది. వాళ్ళ మాటని తనూ నమ్మిన రోజులకంటే ఇది నయం.

ఆమె మిగిలిన కొత్త ఆకొకటి తీసి చాప మీద వేసుకుని, నీళ్ళు చల్లి, కూర్చుంది. అన్నం పెట్టుకుంది. పనసపొట్టు కూర వేసుకుంది. గారెలు రెండు వేసుకుంది. అల్లం సరిపోయింది.

కుర్చీలో ఆదర్శ్ ఒక్కడే మిగిలాడు. ఎవరో ఒకరు భుజమిస్తే తప్ప ఆయన లేవలేడు. ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని కాసేపు చూశాడు.

"ఉదయా. లేపు."

ఆమె కూర కలుపుకుంటోంది.

"నిన్నే. చెయ్యి ఎండిపోతోంది. లేపమంటే?"

"తింటున్నాను కదండీ" అంది ఉదయశ్రీ. ఇంకో ముద్ద తిని, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.